జెస్సీకి మంచినీళ్ళు

ఫిబ్రవరి 2, ఆదివారం, సత్తెనపల్లి

చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోక ముందే అద్దంకి నుంచి వియ్యపురాలు మార్తమ్మగారు దిగింది. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో గోనెసంచి. సంచిలో ఏముందో అడగనక్కర్లేదు. వీధి మలుపులో ఉండగానే వాసన చెప్పేసింది.

"ఏంటి వదినగారూ ఇదంతా?" అన్నాను.

"బాలింత పథ్యం వదినా. వెల్లుల్లి కారం, నువ్వుల పొడి, ఎండు సొరచేప. మీకు ఉజ్జోగంతో తీరదని నేనే కొట్టుకొచ్చా."

జెస్సీకి నెలలు నిండాయి. ఈ వారంలోనే కాన్పు అంటున్నారు. నా కూతురి కాన్పుకి, నా ఇంటికి, ఆవిడ కారం కొట్టుకొచ్చింది. సరే, మనసు మంచిది. అద్దంకి చుట్టుపక్కల మిరప కోతల ముఠాకి ముప్పై ఏళ్ళుగా పెద్ద ఆవిడ. నలభై మంది కూలీలను కేకేసి నడిపిన గొంతు, ఇంట్లో కూడా అదే గొంతు. మార్తమ్మగారు రహస్యం చెబితే వీధి చివరి మెడికల్ షాపతనికి కూడా తెలుస్తుంది.

భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. బాలింతకి పొద్దున ఒక గ్లాసు, సందేళ ఒక గ్లాసు, అంతకు మించి నీళ్ళు ఇవ్వకూడదట. ఇస్తే ఒళ్ళు నీరు పడుతుందట.

జెస్సీ నన్ను చూసి నవ్వు ఆపుకుంది. దానికి నా కథ తెలుసు. అది పుట్టినప్పుడు మా అత్తగారు ఇలాగే మంచినీళ్ళ బిందె మీద కాపలా కూర్చుంది. నాలుగో రోజు నేను స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు దోసిలితో తాగాను. ఇరవై ఆరేళ్ళయినా ఆ దాహం మరిచిపోలేదు. బయాలజీ టీచరునయ్యాక ప్రతి ఏడూ పదో తరగతికి ఈ పాఠం పుస్తకంలో లేకపోయినా చెబుతున్నాను. తల్లి నీళ్ళు తాగితేనే పాలు. నూటికి నూరుపాళ్ళు సైన్సు.

ఆయన బతికి ఉంటే "వియ్యపురాళ్ళ జలవివాదం" అని నవ్వేవారు. నవ్వనీ. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

ఫిబ్రవరి 4, మంగళవారం

పాప. రెండు కిలోల తొమ్మిది వందలు. జెస్సీకి రక్తం ఆగడం లేదు. 108లో గుంటూరు తీసుకెళ్తున్నారు. ప్రభువా.

ఫిబ్రవరి 5, బుధవారం, గుంటూరు

బతికింది.

ఇంకోసారి రాస్తాను. బతికింది.

కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోలేదట. ఒంట్లో రక్తం సగం దాకా పోయిందట. ఇక్కడికి వచ్చేసరికి నా బిడ్డ చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఖుర్షిదా అని డాక్టరు. మనిషి నా భుజం దాకా కూడా రాదు. ఆపరేషన్ గదిలోకి ఎంత వేగంగా వెళ్ళిందంటే చెప్పు ఒకటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ముందు సెలైను సీసాలు, తర్వాత ఏడు సంచుల రక్తం. గర్భసంచి తీయకుండానే ఆపారు.

అల్లుడు కరుణాకర్ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రక్తం కావాలని ఫోన్ చేస్తే షిఫ్టు దిగిన పదకొండు మంది వ్యాన్ ఎక్కి అలాగే వచ్చేశారు. కనుబొమల మీద సిమెంటు, జుట్టు మీద సిమెంటు. నర్సు షమా వాళ్ళని చూసి, "ముందు మొహాలు కడుక్కు రండి, రక్తం తర్వాత" అంది. అందులో వెంకయ్య అని మెలితిప్పిన మీసాల మనిషి. సూది చూడగానే మొదలు నరికిన చెట్టులా పడిపోయాడు. లేచి, పళ్ళరసం తాగి, "ఇప్పుడు తీయండి" అని మళ్ళీ చెయ్యి చాపాడు. ఏడవాల్సిన చోట అందరం నవ్వాం.

సాయంత్రం నన్ను లోపలికి పంపారు. జెస్సీ మొహం సున్నం కొట్టినట్టుంది. పెదాలు ఎండి పొలుసులు లేచాయి. కళ్ళు తెరిచి, "అమ్మా, దాహం" అంది. మొదటి మాట అదే. పాప గురించి కూడా అడగలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

జెస్సీని పక్క గదిలోకి మార్చారు. లోపల ఒక్కరే ఉండాలి. పొద్దున మార్తమ్మగారు, మధ్యాహ్నం నుంచి నేను. పాప మాత్రం బయట వరండాలో మా ఒళ్ళు మారుతూ హాయిగా ఉంది. ముక్కు మాది, అరుపు వాళ్ళది.

ఒంటిగంటకి నేను లోపలికి వెళ్తుంటే ఆవిడ గుమ్మంలో ఆపింది.

"వదినా, నీళ్ళు ఇవ్వమాకండి. అడుగుద్ది, ఏడుస్తది, అయినా ఇవ్వమాకండి. చెంచాతో కొలిచి నర్సమ్మే పోస్తది. డాక్టరమ్మ చెప్పింది."

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ చెప్పిందట! ఆదివారం నుంచీ చెబుతున్న మాటే, ఇప్పుడు దానికి తెల్లకోటు తొడిగింది. ఒంట్లో రక్తం సగం పోయిన పిల్లకి నీళ్ళు వద్దని ఏ డాక్టరు చెబుతుంది?

మంచం కాళ్ళ వైపు ఏదో కాగితం వేలాడుతోంది. నర్సులు రాసుకునేది. నేను చూడలేదు.

జెస్సీ అడిగింది. నా సంచిలో సీసా ఉంది. రెండు గుక్కలు ఇచ్చాను. ఆ మొహంలో ప్రాణం లేచి రావడం నేను చూశాను. ఇరవై ఆరేళ్ళ కింద నాకు ఎవరూ ఇవ్వనిది నా బిడ్డకి నేను ఇచ్చుకున్నాను. ఈ రోజు బాగుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మూడు గుక్కలు.

జెస్సీ కొంచెం దగ్గుతోంది. ఫిబ్రవరిలో గుంటూరులో దగ్గనిది ఎవరు? యార్డుకి కొత్త మిరప దిగుతోంది. ఆటో డ్రైవరు తుమ్ముతాడు, వెనక కూర్చున్నవాళ్ళు దగ్గుతారు, బేరం మధ్యలో ఎక్కడో కుదురుతుంది. ఆ ఘాటే ఇది. కిటికీ మూయించాను. మార్తమ్మగారికి మాత్రం ఒక్క తుమ్ము లేదు. మిరపకాయలే ఆవిడకి జడుస్తాయి.

ఫిబ్రవరి 8, శనివారం, ఉదయం పది

తెల్లవారి నుంచి పడుకుంటే ఊపిరాడటం లేదట. కూర్చోబెట్టి, ముక్కూ నోరూ మూసే మాస్క్ బిగించి, గాలి గట్టిగా ఊదే మిషన్ పెట్టారు. మాట్లాడలేకపోతోంది. తలుపు అద్దంలోంచి నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఘాటు ఇంకా ఎక్కువైనట్టుంది.

పన్నెండు దాటాక

డాక్టరుగారు ముగ్గురినీ పిలిచి ఎక్స్‌రే చూపించారు. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తులు కింద నుంచి సగం దాకా తెల్లగా ఉన్నాయి. కరుణాకర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. డాక్టరుగారు మార్తమ్మగారి వైపు తిరిగారు.

"అమ్మా, మీరు పొలం మనిషి. కాలవకి నెలల తరబడి నీళ్ళు రాకపోతే గట్టు ఏమవుద్ది?"

"నెర్రెలిస్తది."

"దానికి ఒక్కసారిగా నిండా నీళ్ళొదిలితే?"

"ఊటెక్కి పక్క చేలల్లోకి దిగుద్ది."

"ఈ అమ్మాయికి అదే జరిగింది. రక్తం అంత పోయినప్పుడు రక్తనాళాల గోడలు దెబ్బతిన్నాయి. ప్రాణం నిలవాలంటే సెలైనూ రక్తమూ గబగబా ఎక్కించక తప్పదు, ఎక్కించాం. ఆ నీరు ఇప్పుడు నాళాల్లో నిలవకుండా ఊపిరితిత్తుల్లోకి ఊరుతోంది. గాలి ఉండాల్సిన చోట నీరు చేరింది. అందుకే ఆ దగ్గు, ఆయాసం."

"మరి అన్ని నీళ్ళు లోపలుంటే దాహమెందుకండీ?" అన్నాడు కరుణాకర్.

"నీళ్ళున్నాయి, ఉండాల్సిన చోట లేవు."

మార్తమ్మగారు తలూపింది. "మిరప చేను కూడా అంతే తల్లీ. నీళ్ళు నిలబడితే మొక్క ఆ నీళ్ళలోనే వాడిపోద్ది. తెలీనోడు చూసి, ఎండిందనుకొని ఇంకో తడి పెడతాడు. దాంతో చేనే పోద్ది."

డాక్టరుగారు ఆవిడని మెచ్చుకోలుగా చూశారు. నేను ఎక్స్‌రే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత అసలు మాట చెప్పారు. మూత్రం పోయే ఇంజెక్షన్ ఇస్తున్నారట. మూత్రం బాగానే పోతోందట. అయినా లోపల నీరు తగ్గకపోగా పెరుగుతోందట. అంటే నాళాల్లో ఊట అనుకున్నదానికంటే పెద్దదని అర్థమట. సాయంత్రానికి ఇలాగే ఉంటే మత్తిచ్చి, గొంతులోకి గొట్టం వేసి మిషన్ మీద పెడతారట. మిషన్ ఎక్కితే ఎప్పుడు దిగుతుందో చెప్పలేరట.

"ఎవరైనా లెక్కకి బయట నీళ్ళు తాగించారా?" అని అడిగారు.

నేను నా సంచిని కాళ్ళ దగ్గరికి లాక్కున్నాను.

షమా వెళ్ళి మార్తమ్మగారి సంచిలోంచి ఫ్లాస్కు తీసుకొచ్చింది. వాము కషాయం. తన అరగని కడుపు కోసం ఆవిడ కాచుకుని తెచ్చుకున్నది. "ఎంత చెప్పినా పెద్దవాళ్ళు వినరు మేడమ్" అంది షమా. కరుణాకర్ తల్లి మీద విరుచుకుపడ్డాడు. "అమ్మా, నీకు వంద సార్లు చెప్పా! నీ పథ్యాలు ఇక్కడ పెట్టమాకన్నానా లేదా?"

"దేవుడి తోడు, నేను చుక్క పొయ్యలా రా" అంది ఆవిడ. ఆ గొంతు మొదటిసారి నాకు సరిగా వినపడలేదు.

ఇక ఆవిడ లోపలికి రాకూడదన్నారు.

పన్నెండూ నలభై, మెట్ల మీద

రెండు గుక్కలకి ఊపిరితిత్తులు నిండవు. మూడు గుక్కలకి కూడా నిండవు. పెద్ద డాక్టర్లున్నారు, వాళ్ళు చూసుకుంటారు. నేను ఇప్పుడు చెప్పి అందరినీ కంగారు పెట్టడం తప్ప ప్రయోజనం లేదు.

ప్రభువా, నువ్వు చూశావు కదా. డాక్టరుగారి మనసులో నువ్వే పలికించరాదా?

ఆయన పలికించేట్టు లేడు. ఇంత చిన్న పనికి నోరున్నదానివి నువ్వున్నావు కదా అంటాడు.

రెండు గుక్కలు కాదు. గురువారం లీటరు సీసా మొత్తం. శుక్రవారం ఇంకో సీసా, అది అయిపోతే మళ్ళీ నింపుకొచ్చి సగం. ఆ కాగితం కూడా చదివాను. నాకు కాగితం కనపడితే చదవకుండా ఉండలేను. రోజుకి ముప్పావు లీటరు దాటకూడదని ఉంది. తాగిన ప్రతి నీటిబొట్టూ రాయాలని ఉంది. చదివి, ఇది కూడా మార్తమ్మగారు చెప్పి రాయించిందే అనుకున్నాను. అలా అనుకోవడానికి ఎంత కష్టపడ్డానో ఇప్పుడు తెలుస్తోంది.

తెలియనివాడు ఇంకో తడి పెడతాడు. ఆ తెలియనివాడు పదో తరగతికి బయాలజీ చెబుతాడు.

వెళ్తున్నాను.

సాయంత్రం ఆరు

చెప్పాను. డాక్టరుగారికి విడిగా చెబుదామనుకున్నాను. గదిలో షమా ఉంది, కరుణాకర్ ఉన్నాడు. తలుపు దగ్గర ఆగిపోతే మళ్ళీ ధైర్యం రాదని అందరి ముందే చెప్పేశాను. "నేను తాగించాను. గురువారం లీటరు, నిన్న లీటరున్నర. మార్తమ్మగారు వద్దని చెప్పారు. నేనే వినలేదు."

తిడతారనుకున్నాను. డాక్టరుగారు గబగబా మంచం దగ్గరి కాగితం తెప్పించుకుని, నేను చెప్పిన లీటర్లు గంటలతో సహా రాసుకున్నారు. కలిపారు. మళ్ళీ కలిపారు. మొహం తేటపడింది.

"ఊట పెరగలేదు. మేమిక్కడ తోడుతుంటే మీరక్కడ పోస్తున్నారు" అన్నారు. "మీ నీళ్ళొక్కటే కారణం అనను. ఊట ముందే ఉంది. కానీ లెక్క తప్పితే మేం రోగాన్ని తప్పుగా చదువుతాం. గొట్టం ఇప్పుడే వద్దు. మాస్క్ మీదే రేపు పొద్దుటి దాకా చూద్దాం."

"టీచర్ గారూ," అన్నారు నేను వెళ్ళబోతుంటే, "మంచి పని చేశారు. ఇంకో మూడు గంటలు ఆగితే మంచిది కాకపోయేది."

తర్వాత అసలు కష్టమైన పని. మార్తమ్మగారు ఆసుపత్రి ముందు వేపచెట్టు చప్టా మీద పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిలబడే చెప్పాను. విని, పాపని ఒళ్ళో సర్దుకుని నా వైపు చూసింది.

"టీచరు గదా మీరు!" అంది.

అంతే. అరిచినా బాగుండేది.

కరుణాకర్ వచ్చి తల్లి పక్కన కూర్చుని తల దించుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆవిడ, "ఒరేయ్, ఆ ఏడుపు తర్వాత ఏడవచ్చు. పోయి టీ పట్రా. మూడు పట్రా" అంది. మూడు అంది. నాకు కూడా అన్నమాట. ఆ టీ తాగుతూ ఏడ్చాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మాస్క్ ఉంది. కానీ మిషన్ జోరు తగ్గించారు. షమా మార్తమ్మగారి ఫ్లాస్కు కడిగి, తనే వేడి కషాయం పోయించి తెచ్చి ఇచ్చింది. ఆవిడ తీసుకుని, "ఉప్పు తక్కువైంది" అంది.

నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

మాస్క్ తీశారు. ముక్కు దగ్గర సన్నటి ఆక్సిజన్ గొట్టం మాత్రం ఉంది. కొత్త ఎక్స్‌రేలో తెలుపు అడుక్కి దిగిపోయింది. జెస్సీ పాపని అడిగింది! మొదటిసారి అడిగింది. పాపని అద్దం దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే, "ఇదేంటి అత్తయ్యలా ఉంది" అంది. వరండాలో మార్తమ్మగారి నవ్వుకి కాపలావాడు లోపలికి తొంగిచూశాడు.

మధ్యాహ్నం ఆవిడ నా పక్కన కూర్చుంది. "ఒక మాట అడుగుతా వదినా" అంది.

"అడగండి."

"అదే మాట డాక్టరమ్మ మీకు చెప్పుంటే వినేవోళ్ళు గదా? నా నోటెంట వచ్చిందని వినలా."

ఇంతసేపూ నేను తయారు చేసుకున్న జవాబులు చాలా ఉన్నాయి. మా అత్తగారు, బిందె, బకెట్టు, ఇరవై ఆరేళ్ళు. ఒక్కటీ పనికి రాదు. ఆవిడ అడిగింది అది కాదు.

"అవును" అన్నాను. "మీ నోటి నుంచి వచ్చిందనే వినలేదు. తప్పు నాదే వదినా."

ఆవిడ కాసేపు పాప వేళ్ళు లెక్కపెట్టింది. "నేను మాత్రం ఏం తక్కువ తిన్నా?" అంది తర్వాత. "డాక్టరమ్మ నీళ్ళొద్దనంగానే ఎంత సంబరపడ్డానో తెలుసా? చూశారా, నా మాటే నెగ్గిందని మీకు గొప్పగా చెప్పా. ఎందుకు వద్దందో చెప్పలా. నాకు తెలిస్తే గదా, అడగనే లేదు."

మేమిద్దరం గెలవడానికి చూశాం. మధ్యలో ఉన్న పిల్లని చూడలేదు. రాసుకుంటుంటే సిగ్గుగా ఉంది, అయినా రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఆక్సిజన్ కూడా తీసేశారు. జెస్సీ వరండా చివరి దాకా నడిచి వచ్చింది, ఆయాసం లేదు. పాప పాలకి ఏడిస్తే డాక్టరుగారు అక్కడే నిలబడి, "ఇక లెక్కలు లేవు. మామూలుగా నీళ్ళు తాగొచ్చు. తాగాలి కూడా, పాలు పడాలి కదా" అన్నారు. అంటూ మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ విన్నారా?" అన్నారు. ఇద్దరం బుద్ధిగా తలూపాం.

షమా వరండా మూలనున్న కుండలోంచి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి జెస్సీ చేతికిచ్చింది. జెస్సీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. దానికి జరిగిందంతా తెలుసు. నేనే చెప్పాను.

"అత్తయ్యా, తాగనా?" అంది.

నన్ను అడగలేదు. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దూరంలో. నీళ్ళ విషయంలో నా బిడ్డ నన్ను నమ్మడం మానేసింది. అయినా తప్పు పట్టలేను, దాని ఊపిరి అది.

మార్తమ్మగారు కోడలిని చూసింది, నన్ను చూసింది. పాపని ఇంకో భుజం మీదకి మార్చుకుంది.

"నన్నెందుకు అడుగుతావే? మీ అమ్మ పక్కనే ఉందిగా. ఆమెనడుగు" అంది.

జెస్సీ నా వైపు తిరిగింది. "తాగనా అమ్మా?"

తాగు అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

"వినపడలా వదినా," అంది మార్తమ్మగారు, ముఠాని కేకేసే గొంతుతో, "గట్టిగా చెప్పండి! డాక్టరమ్మ కూడా వినాల."

"తాగు జెస్సీ!" అని అరిచాను.

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నా కూతురు గ్లాసు ఎత్తి గటగటా తాగుతోంది. మార్తమ్మగారూ నేనూ దాని గొంతు కదలికే చూస్తూ నిలబడ్డాం. తాగేసి, గాలి పీల్చి, "ఇంకో గ్లాసు" అంది.

మేమిద్దరం ఒక్కసారే కుండ వైపు పరిగెత్తాం.